మావయ్యగారి తలుపు పలకలు

మా మావయ్యగారు లారీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. ఆ ఇళ్ళన్నిటికీ ఒకటే రోగం, తలుపులు. వానాకాలం వస్తే ఉబ్బి బిగుసుకుపోయేవి. అత్తయ్య రెండు చేతుల్లో సామానుతో వచ్చి భుజంతో తలుపును కుమ్ముతుంటే ఆయనకు ఒళ్ళు మండేది.

"మన ఇంటి తలుపు వేలితో తోస్తే తెరుచుకోవాలి, చూస్తూ ఉండు," అనేవారు.

"ముందు ఇల్లు కట్టండి మహానుభావా," అనేది ఆవిడ.

చివరికి కాస్త స్థలం కొని పునాది వేశారు. గోడలు లేవకముందే కలప అడితి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. పచ్చికర్ర ముందే కొని బాగా ఆరబెట్టుకుంటేనే తలుపు వంకర పోదని ఆయన పట్టుదల. పలక చివర కన్ను ఆనించి వంపు చూసేవారు. వేలితో తట్టి చెవి పెట్టేవారు. చేవ లేని తెల్లభాగం కనిపిస్తే ఒంటికాలి మీద లేచేవారు. అడితి యజమానికి విసుగొచ్చింది.

"కర్ర కొంటున్నారా, అల్లుణ్ణి వెతుకుతున్నారా?"

"అల్లుడు కాస్త వంకరైనా సర్దుకుపోవచ్చు. తలుపు వంకరైతే ఎలాగండీ?" అన్నారు మావయ్యగారు.

ఆయన ఒక్కగానొక్క అల్లుణ్ణైన నేను పక్కనే ఉన్నాను.

కొన్న పలకల్ని అద్దె ఇంటి ముందుగదిలో పేర్చారు. కింద ఇటుకలు, వాటి మీద ఒక వరస పలకలు, అడ్డంగా సన్నటి పుల్లలు, మళ్ళీ పలకలు. సందుల్లోంచి గాలి ఆడితేనే కర్ర ఆరుతుంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగితే గంట పాఠం వినాలని మేమూ అడగలేదు. ఇంట్లో అందరం చేసిన తెలివైన పని అదే.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. "ఆ... ఆ..." అనడం తప్ప మాట పెగల్లేదు. ఆస్పత్రి నుంచి తెచ్చి ముందుగదిలోనే మంచం వేశారు. చోటు చాలలేదు. సాయానికి వచ్చిన అత్తయ్య తమ్ముడు మహా చురుకైన మనిషి.

"ఈ చితుకులు ఎందుకక్కా మధ్యలో? తీసేస్తే సగం చోటు కలిసొస్తుంది," అన్నాడు.

పుల్లలన్నీ లాగేసి పలకల్ని ఒకదాని మీద ఒకటి అతికించినట్టు పేర్చాడు. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ పట్టాతో చుట్టి తాడుతో బిగించాడు. పైన పరుపు వేస్తే చూడటానికి వచ్చినవాళ్ళకు బెంచీ కూడా అయింది. అందరూ మెచ్చుకున్నారు.

మావయ్యగారు ఎడమచెయ్యి ఎత్తి అటు చూపిస్తూ "ఆ... ఆ..." అని ఒకటే గోల. అటుపక్కనే నీళ్ళకుండ ఉంది. అత్తయ్య పరుగున వచ్చి నీళ్ళు పట్టేది. ఆయన తల తిప్పేసుకుంటే బతిమాలి తాగించేది. వాన పట్టుకుంది. పరుపు మీద కూర్చున్న చుట్టాలు, "మీరేం దిగులు పెట్టుకోకండి, ఇల్లు మేం చూసుకుంటాం," అని ధైర్యం చెప్పి వెళ్ళేవారు. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారేవి. మా ప్రేమకు కరిగిపోయారని మేం అనుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

గోడలు లేచాక వడ్రంగి వచ్చాడు. పట్టా విప్పగానే గదంతా ముక్కిపోయిన వాసన. పలకలు బయటికి మోశాం. నల్లటి బూజు, ప్రతి పలకా మెలి తిరిగిపోయింది.

"మధ్యలో పుల్లలు పెట్టలేదేంటండీ? పచ్చికర్రకు ఊపిరాడకుండా చుట్టేస్తే ఇంతే," అన్నాడు వడ్రంగి. "తలుపుకి పనికిరావు."

అత్తయ్య గుమ్మంలో కూలబడింది. "ఇన్నాళ్ళూ ఆయన అడిగింది నీళ్ళు కాదా బాబూ?"



ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. మంచం పక్కన కూర్చుని, "కర్ర భలే ఆరిందటండీ. ఇలాంటి కర్ర ఈమధ్య చూడలేదన్నాడు వడ్రంగి," అంది.

ఆ పలకలన్నీ ఆయన మంచం పక్కనుంచే బయటికి వెళ్ళాయి. ఒక్కొక్కదాన్నీ ఆయన చూశారు. ఇప్పుడు భార్య ముఖంలోకి చాలాసేపు చూసి, ఎడమచేత్తో ఆవిడ చెయ్యి తడిమి పట్టుకున్నారు. తర్వాత సంతోషమే అన్నట్టు కష్టంగా తల ఊపారు.