ఎర్ర సిరాతో కొట్టేసిన ‘హవెవర్’

1954 వేసవికి నేను కర్నూలులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. ఊరు కొత్తగా రాజధాని కావడంతో మా సెక్షన్ డేరాలోనే నడిచేది. గుమాస్తా రాసిన చిత్తును సూపరింటెండెంటు ఎర్ర సిరాతో దిద్దేవారు. టైపు చేసిన ఉత్తరాన్ని ఆ చిత్తుతో సహా ఆఫీసరు సంతకానికి పంపాలి.

మా సూపరింటెండెంటు సుబ్బరామయ్య గారిది కడప. మనిషి మంచివారే గాని ‘హవెవర్’ అనే మాట ఆయనకు గిట్టదు. ‘అయితే’ అనడం పైవాళ్లకు ఎదురు చెప్పడమని ఆయన నమ్మకం. అది కనిపిస్తే కొట్టేసి ‘దేర్‌ఫోర్’ అని రాసేవారు. ‘అందువల్ల’ అంటే అణకువగా ఉంటుందట.

ఓర్వకల్లు దగ్గరి పల్లె నుంచి యేసోబు అనే పెద్దాయన, ఊరికి ఎడంగా ఉన్న తమ పేటకు బావి తవ్వించమని అర్జీ పెట్టాడు. నేను ఇంగ్లీషులో చిత్తు రాశాను: ఊరి బావిలో నీళ్లున్నాయి, హవెవర్, పేటవాళ్లను చేద వేయనివ్వరు, దేర్‌ఫోర్, వాళ్లు రెండు మైళ్లు నడుస్తున్నారు. సుబ్బరామయ్య గారు అలవాటుగా హవెవర్‌ను కొట్టేసి, అక్కడా దేర్‌ఫోర్ అని రాశారు.

“అర్థం మారిపోతాది సార్” అన్నాను.

“ఏమప్పా, నాకు ఇంగ్లీషు నేర్పిస్తాండావా?” అన్నారు.

దిద్దిన చిత్తును మార్చే అధికారం నాకు లేదు. ఉత్తరం అలాగే పైకి వెళితే, పైవాళ్లు అడిగే సంజాయిషీలతోనే ఆ వేసవి గడిచిపోతుంది. అందుకని ఉన్నదున్నట్టు టైపు చేయించి, ఫైలు వెళ్లే రోజున యేసోబును ఆఫీసరు డేరా బయట కూర్చోమన్నాను.

ఆఫీసరు మా ఇద్దరినీ పిలిపించారు. “నీళ్లున్నందువల్ల చేద వేయనివ్వరా? ఎండిపోతే వేయనిస్తారా?” అని అడిగారు. సుబ్బరామయ్య గారు నా వైపు చూశారు. నేను ఎర్ర సిరా వైపు చూశాను. అర్జీదారు బయటే ఉన్నాడని మెల్లగా చెప్పాను.

యేసోబు లోపలికొచ్చి, “బాయిలో నీళ్లు శానా ఉండాయి సార్. అయితే మమ్మల్ని చేద ఎయ్యనీరు. అందుకే రెండు మైళ్లు పోతాండాం” అన్నాడు.

“ఈయన చెప్పిన వరసలోనే రాయండి” అన్నారు ఆఫీసరు. సుబ్బరామయ్య గారు తన చేత్తోనే, వీలైనంత చిన్న అక్షరాలతో, హవెవర్ అని రాశారు.

బయటికొచ్చాక, “ఆయప్పను ఈడికి రమ్మన్నది నువ్వేనా?” అని అడిగారు.

“ఎండగా ఉండాది, నీడన కూర్చోమన్నాను సార్.”

మరుసటి ఏడు పేటలో బావి తవ్వారు, నీళ్లు పడ్డాయి.

ఆ తర్వాత ఏ ఇంగ్లీషు ఉత్తరమైనా ముందు తెలుగులో పైకి చెప్పుకుని రాసేవాణ్ని. ‘అయితే’ వచ్చిన చోట హవెవర్, ‘అందుకే’ వచ్చిన చోట దేర్‌ఫోర్. రెండూ రాని చోట ఏదీ పెట్టేవాణ్ని కాదు. చాలా ఉత్తరాలకు ఏదీ అవసరం పడలేదు.