మాడిన అర

తైవానులోని ఆ చక్కెర మిల్లు క్వార్టర్సును జపాను దొరలు తమ ఉద్యోగుల కోసం కట్టుకున్నారు. వాళ్ళు యుద్ధంలో ఓడి, ఓడెక్కి పోయాక, ఆ చెక్క ఇళ్ళలోకి మిల్లు కార్మికులు చేరారు. బాయిలరు దగ్గర పనిచేసే మొగుడి వెంట కొత్త కోడలిగా వచ్చిన ఆహున్ అక్కడే పిల్లల్ని కంది. కప్పు కారితే గిన్నెలు పెట్టింది, చెదలు పడితే కిరసనాయిలు పూసింది, మొగుణ్ణి కాటికి సాగనంపింది. ఆ ఇల్లు ఇన్నేళ్ళు కూలకుండా నిలిచిందంటే ఆమె చేతి చలవే. తీరా అది వారసత్వ కట్టడమని తేల్చాక అధికారులు మొదట చేసిన పని, ఆమెను ఖాళీ చేయించడం.

ఏడో నెల ఏడో నాడు ఆహున్, కూతురు లేసువత్‌ను వెంటబెట్టుకుని పాత ఇంటికి వచ్చింది. చేతిలో నువ్వుల నూనెలో వండిన కోడికూర. ఆ రోజు మంచం తల్లి పుట్టినరోజు. పసిపిల్లల పక్కను కనిపెట్టుకుని ఉండే తల్లి ఆమె. చాపలు పరిచిన ఆ ఇంట్లో మంచమెక్కడిది? పిల్లలు గోడ అలమరా నడిమి అరలోనే ముడుచుకు పడుకునేవారు. అందుకే ఏటా కూరగిన్నె ఆ అరలోనే పెట్టేది.

వెళ్ళేసరికి వడ్రంగి సరిగ్గా ఆ చెక్కనే ఊడదీయబోతున్నాడు.

"ఆగవయ్యా! అదేం చేసింది నిన్ను?"

మరమ్మతులు చూసే ఇంజనీరు పెయిఛీ ఎదురొచ్చింది. "అది మాడిపోయింది అమ్మమ్మా. కొత్త చెక్క వేస్తాం. ఇంటిని అసలు రూపానికి తెమ్మని ఆర్డరు."

"అసలంటే? దొరలున్నంత వరకే అసలా? మేమంతా నకలా?"

ఆ మాటతోనే అర మీదికెక్కి, కాళ్ళు వేలాడేసుకు కూర్చుంది. "ఇక పీక్కో. నన్నూ కలిపి పీక్కో."

"అమ్మా, దిగు. పరువు పోతోంది," అంది లేసువత్.

"నువ్వు మాట్లాడకు. ఈ మచ్చ నీ పుణ్యమే."

మంచం తల్లి ముందు అగరొత్తి కాస్త కాలగానే తీసేయాలి. ఎక్కువసేపు ఉంటే ఆ తల్లి బిడ్డను గారం చేసి చెడగొడుతుందట. లేసువత్ పసితనంలో జ్వరంతో కళ్ళు తెరవని ఏడాది మాత్రం ఆహున్ తీయలేదు. ఇంకాసేపు ఉండు తల్లీ అంటూ ఒత్తి వెనక ఒత్తి వెలిగిస్తూ పోయింది. కునుకు పట్టినప్పుడు ఒకటి ఒరిగి చెక్క మాడింది. బిడ్డ బతికింది.

"అందుకే ఇంత మొండిఘటమైంది," అంది పెయిఛీతో.

"అలమరా ఎక్కి కూర్చున్నది నేనా, నువ్వా?"

వడ్రంగి ఫక్కుమన్నాడు. పెయిఛీ నల్లటి మచ్చను వేళ్ళతో తడిమి చూసింది. "ఇది ఉంచేద్దాం," అంది అతనితో. "పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాను. కానీ అమ్మమ్మా, నిప్పు మాత్రం వద్దు. చెక్క ఇల్లు."

ఆహున్ దిగింది. గిన్నె పెట్టి, బియ్యం పోసిన గ్లాసులో వెలిగించని అగరొత్తి గుచ్చింది.

"వెలిగించకపోతే ఎప్పుడు తీయాలో ఎట్లా తెలుస్తుందమ్మా?"

"తీయను. ఇక ఈ ఇంటి దగ్గర నేనుండను కదా. ఉండనీ ఆ తల్లిని. ఇల్లు కాస్త గారాలు పోతే పోనీ."