డబ్బాలో లేని గుట్ట

నేను ప్యాకింగ్ లైన్ మనిషిని. షాద్‌నగర్ దగ్గర మందు గోలీల కంపెనీలో చేరిన మొదటి రోజు మాకు చెప్పిన మాట ఒక్కటే: డబ్బా మీద ఏం రాసి ఉంటుందో డబ్బా లోపల అదే ఉండాలి. పది పట్టీలని రాస్తే పదే ఉండాలి. ఎలా వాడాలో చెప్పే కాగితం ఉందని రాస్తే ఆ కాగితం మడతపడి లోపల ఉండాలి. ఒక్కటి తక్కువైందని తేలినా లైన్ మొత్తం ఆపి వెతికేవాళ్లం. ఆ అలవాటు నా ఒంటికి పట్టింది. అందుకే ఒక వీడియో గేమ్ డబ్బా నన్ను మోసం చేసినప్పుడు నాకొచ్చిన కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఆ కోపాన్ని ఎవరి మీద చూపించానన్నది వేరే సంగతి. చెప్పాల్సింది అదే.

రాష్ట్రం వచ్చిన మూడు నాలుగేళ్లకు, మా కంపెనీలో పని మానేసి పోతున్న ఒకతను తన గేమ్ మిషన్ అమ్ముతానంటే కొన్నాను. దాంతోపాటు ఒకే ఒక్క సీడీ ఇచ్చాడు. అమ్మ ఫోన్‌లో తిట్టిన తిట్లు తిట్టకుండా తిట్టింది. ఆడపిల్లకు ఆటలేంది, చెవులకు కమ్మలు కొనుక్కోరాదా అంది. కమ్మలు పెట్టుకుంటే లైన్ మీదికి రానివ్వరని చెప్పి తప్పించుకున్నాను.

ఆ ఆటలో ఒక మనిషి గుర్రం మీద తిరుగుతుంటాడు. చుట్టూ కనుచూపు మేర గడ్డి, మధ్యలో వాగులు, అక్కడక్కడ గొర్రెల మందలు. దొంగల్ని పట్టుకోవడం అతని పని. నేను దొంగల జోలికి పోకుండా ఊరికే తిరిగేదాన్ని. పొద్దున షిఫ్టులో ఎనిమిది గంటలు డబ్బాలు చూసి మూడింటికి గదికొస్తే, ఆ గడ్డి మీద కళ్లు పడగానే ప్రాణం లేచొచ్చేది.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో మా బాపు తుమ్మచెట్టు మీంచి పడ్డాడు. మాది కట్టంగూర్ అవతల చిన్న ఊరు, గొర్రెల మీదే మా బతుకు. మందకు మేత దొరక్క చెట్టెక్కి కొమ్మలు కొడుతుంటే కాలు జారింది. ఎడమకాలి బొక్క విరిగింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. మళ్లీ మళ్లీ చూపించాల్సి ఉంటుందని బాపును నా కిరాయి గదికి తెచ్చుకున్నాను. అమ్మ, చిన్నాయన ఊళ్లో మందను చూసుకున్నారు.

గది మేడ మీద. ఒక కిటికీ, ఒక మంచం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెల వెనక నడిచిన మనిషిని ఆ గదిలో కూర్చోబెట్టాను. పొద్దున నేను పోయేటప్పుడు ఏ గోడ దిక్కు చూస్తున్నాడో, మూడింటికి వచ్చేసరికి అదే గోడ దిక్కు చూస్తుండేవాడు. గొంగడి ఒకసారి విప్పేవాడు, ఒకసారి మడిచేవాడు.

ఒకరోజు నేను ఆడుతుంటే వెనక నుంచి మాట వినిపించింది.

"ఆగు బిడ్డా. గా గొర్రెను జూడు. కుంటుతాంది."

"ఆటల గొర్రె బాపూ గది."

"ఆటల గొర్రెకు కాళ్లుండయా? గాలికుంటొచ్చినట్టున్నది. మంద నుంచి ఇడగొట్టాలె."

నేను తల తిప్పి చూశాను. నెల తర్వాత బాపు ముఖంలో కళ కనిపించింది.

ఆ రోజు నుంచి గుర్రం నాదే అయినా పెత్తనం బాపుదైంది. వాగు దాటించు, నీడకు నిలుపు, ఎంతసేపు ఉరికిస్తవ్, గుర్రానికి నీళ్లు తాపవా అని ఒకటే సతాయింపు. దొంగలొచ్చి కాల్పులు మొదలుపెడితే మాత్రం విసుక్కునేవాడు. "గీళ్లకేం పని లేదా?" అనేవాడు.

ఆటలో పడమటి దిక్కున ఒక నల్ల గుట్ట ఉండేది. బాపు కన్ను దాని మీద పడింది. మా దగ్గర ఎండాకాలం మందల్ని కృష్ణా నది దిక్కుకు మేతకు తోలుకుపోతారు. మంద కదలకముందే ఒక మనిషి ముందు పోయి జాగా చూసి రావాలి. మా వాళ్లలో ఆ పని ఎప్పుడూ బాపుదే. చూసొచ్చిన మనిషిని అందరూ అడిగేవి రెండే మాటలు: నీళ్లున్నయా? మ్యాతున్నదా?

"గుట్ట అవతల ఏమున్నది?" అని అడిగాడు బాపు.

"తెల్వది బాపూ. నేను ఇంకా పోలే."

"చూసి రావాలె గద మరి."

దవాఖానలో పెద్ద డాక్టరు బొక్క అతికిందన్నాడు. ఇక నడవాలని, నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని చెప్పాడు. బాపు నడవలేదు. ఎంత పోరినా, "నడిచి ఏడికి పోవాలె బిడ్డా? గోడ దాక పోవాలె, మల్ల రావాలె" అనేవాడు. ఒకసారి మాత్రం నా దిక్కు చూడకుండా, "మంద ఎన్క ఇగ పోతనో పోనో" అన్నాడు. నాకు భయమేసింది. చేతిలో కట్టె, ముందర గొర్రెలు లేని బాపును నేనెప్పుడూ ఊహించుకోలేదు. అలాంటి బాపు ఎలా బతుకుతాడో నాకు తోచలేదు.

అందుకే బేరం పెట్టాను. గదిలో ఇటు నుంచి అటు పదిసార్లు నడిస్తేనే మిషన్ పెడతానన్నాను. పొట్టేళ్ల బేరాల్లో ఆరితేరిన మనిషి ఊరుకుంటాడా? ఆరన్నాడు. ఎనిమిది దగ్గర తెగింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బేరానికి కూడా దిగలేదు. పడతానని భయం. అప్పుడు నేను పెద్ద ఎర వేశాను.

"నువ్వు మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చిన్నాడు గుట్ట దాటిస్త బాపూ."

బాపు కాలు నిమురుకున్నాడు. "దసరాకు దిగుత. మాట తప్పొద్దు."

బాపు నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం దారి చూసి పెడదామని గుర్రాన్ని గుట్ట మీదికి తీసుకుపోయాను. కనుమ దగ్గర గుర్రం ఆగిపోయింది. తెర మీద మాటలొచ్చాయి. ఇక్కడి నుంచి అవతలి భూమి ఈ సీడీలో లేదట, వేరుగా కొనుక్కోవాలట. ఆట వచ్చిన తర్వాత కంపెనీవాళ్లు ఆ భూమిని కొత్తగా తయారు చేసి, ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారన్నమాట. మా గదికి నెట్ లేదు, నా ఫోన్‌లో ఉన్న నెట్ వాట్సాప్‌కే చాలీచాలకుండా ఉండేది.

హైదరాబాద్‌లో ఆటల సీడీలు అమ్మే దుకాణానికి పోయి అడిగాను. అతను కొత్త డబ్బా ఒకటి తీసి చూపించాడు. అదే ఆట, అదే గుర్రం, అట్ట మీద బంగారు రంగు అంచు. తర్వాత వచ్చిన భాగాలన్నీ ఇందులోనే ఉన్నాయని అట్ట మీద పెద్దగా రాసి ఉంది. ఒకటికి మూడుసార్లు చదివి కొన్నాను. దసరా ముందురోజు సాయంత్రం బాపు చూస్తుండగా సీడీ మార్చాను. గుట్ట ఎక్కాను. గుర్రం అదే కనుమ దగ్గర ఆగింది, అవే మాటలొచ్చాయి.

డబ్బా అంతా వెతికితే అట్ట వెనక ఒక కాగితం దొరికింది. దాని మీద పన్నెండు అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. ఆ నంబరు కొట్టి మిగతా భాగాన్ని నెట్ నుంచి దించుకోవాలట. అంటే సీడీ పాతదే, మారింది అట్ట ఒక్కటే. మా లైన్ మీద ఎవరైనా ఇలాంటి డబ్బా మూస్తే సాయంత్రానికి ఇంటికి పంపించేవాళ్లు.

అయినా దారి లేకపోలేదు. నా పక్కన పనిచేసే ఒకామె ఇంట్లో నెట్ ఉంది. పండుగ కాగానే మిషన్ అక్కడికి మోసుకుపోయి దించుకోవచ్చు. బాపుకు అర్థమయ్యేటట్టు చెప్పాననుకున్నాను. "గుట్ట అవతలిదంత గీ కాగితంల ఉన్నది బాపూ. రెండు రోజులాగు." బాపు ఆ కాగితం రెండు చేతులతో తీసుకుని చూసి మళ్లీ డబ్బాలో పెట్టాడు.

మా ఇళ్లలో దసరానాడు పనిముట్లన్నీ కడిగి పసుపు కుంకుమ పెడతారు. బొచ్చు కత్తెర, గొడ్డలి, కొమ్మలు కొట్టే కొడవలి, చేతికట్టె, ఏది అన్నం పెడితే దానికి బొట్టు. పొద్దున్నే నేను మటన్ తేవడానికి పోయాను. గొర్లకాపరి బిడ్డనై మటన్ దుకాణం ముందు లైన్లో నిలబడితే నాకే నవ్వొచ్చింది. జమ్మి ఆకు కూడా కొనుక్కుని గదికి వచ్చాను.

బాపు స్నానం చేసి కొత్త ధోతి కట్టుకుని కూర్చున్నాడు. ముందర తువ్వాల పరిచి ఉంది. దాని మీద తన చేతికట్టె, నా టేపు కోసే బ్లేడు, కూరగాయల కత్తి, మిషన్ రిమోటు వరసగా ఉన్నాయి. అన్నింటికీ వేలి కొసతో చిన్న బొట్లు పెట్టాడు. మధ్యలో ఆ కాగితం. దానికి మాత్రం మూడువేళ్ల నిండా తడి పసుపు రాసి మీద కుంకుమ దిద్దాడు.

"అసలు సామాను గిదే గద బిడ్డా" అన్నాడు సంబరంగా.

నేను కాగితం లాక్కున్నాను. మధ్యలో నాలుగు అక్షరాలు పసుపులో కరిగిపోయాయి. మిగతావైనా దక్కించుకుందామని చున్నీతో తుడిచాను. ఇంకో రెండు పోయాయి. ఆ రెండు నా చేతుల్లో పోయాయని నాకు తెలుసు. తెలిసే అరిచాను.

"తెల్వని పనులు నీకెందుకు బాపూ? కాలిరగ్గొట్టుకొని వచ్చి కూసున్నవ్, ఉన్నదాన్ని జెడగొడుతున్నవ్!"

బాపు తువ్వాల నాలుగు మూలలూ ఎత్తి సామాను పక్కకు పెట్టాడు. ఆ రోజు మెట్లు దిగుతాననలేదు, నేనూ అడగలేదు. వండిన మటన్ ఇద్దరం సరిగ్గా తినలేదు. పెద్దల చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కాల్సిన పండుగ. జమ్మి గూట్లోనే ఉండిపోయింది. అమ్మ ఫోన్ చేస్తే పండుగ మంచిగైందని అబద్ధం చెప్పాను.

మర్నాడు మూడింటికి డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది, లోపల బాపు లేడు. కట్టె లేదు. గబగబా కిందికి దిగాను. కింద ఇంటామె వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"మీ బాపు పది గంటలకే దిగిండమ్మా. కమ్మీ వట్టుకొని ఒక్కో మెట్టు. నేను వట్టుకుంటనంటే వద్దన్నడు. గట్ల బజార్ దిక్కు పోయిండు."

ఉరికాను. బస్టాండ్ దగ్గర ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు బాపు. కట్టె రెండు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. చేతిలో పసుపు కాగితం, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది.

దుకాణమాయన నన్ను చూసి, "అక్కా, మీ బాపునా? గిది మాతాన దొరకదని చెప్తే ఇంటలేడు. నాలుగు దుకాణాలు తిరిగి ఈడికొచ్చిండంట. జర తోలుకపో" అన్నాడు.

బాపు నా దిక్కు చూసి తప్పు చేసినవాడిలా లేచాడు. "గీయనతాన కూడ లేదంట బిడ్డా. ఇంకో జాగల ఉంటదేమో అడుగుదాం. గసొంటి కాగితం ఇంకోటి దొరకకుంటుంటదా?"

నడిబజార్లో నిలబడి ఏడ్చాను. నెలల తరబడి నేను బతిమాలినా, డాక్టరు బెదిరించినా దిగని మెట్లు అవి. కాగితం కోసం ఏడుస్తున్నాననుకుని బాపు నా వీపు నిమిరాడు. ఆటో పిలుస్తానంటే వద్దు, నడుస్తానన్నాడు. వచ్చిన దారినే తిరిగి నడిచాం. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు, అంతే.

గదికొచ్చి గూట్లోంచి జమ్మి తీసి చేతిలో పెట్టాను. కాళ్లు మొక్కాను. అప్పటికి ఆకు వాడిపోయింది.

"బాపూ, కాగితం మీది అక్షరాలు రెండు నేనే జెరిపిన" అన్నాను.

"ఎర్కే బిడ్డా. నేను జూసిన" అన్నాడు.

చూసి కూడా నా మాటలు పడ్డాడు. పడి, మర్నాడు ఆ కాలితో బజారంతా తిరిగాడు.

నెల దాటక ముందే బాపు ఊరికి పోయాడు. కొంచెం కుంటుతూనే మంద వెనక పడ్డాడు. ఆటల కంపెనీకి నేను ఉత్తరం రాశాను, కాగితం ఫోటో తీసి పంపమన్నారు. పంపితే, నంబరు కనబడటం లేదు, పసుపు రంగు మరక ఉంది అని జవాబిచ్చారు. అది మరక కాదు, మా బాపు చేసిన పూజ అని రాద్దామనుకుని ఊరుకున్నాను.

ఈ మధ్య కొన్ని డబ్బాల్లో సీడీ కూడా ఉండటం లేదు, ఉత్త కాగితమే పెడుతున్నారు. దానికీ అంత పెద్ద డబ్బా ఎందుకో. నేను ఇప్పుడు లైన్ ఇంచార్జిని. గదికి తీగ నెట్ వచ్చింది. మిషన్ ముసలిదైనా నడుస్తోంది. మొన్న ఒక ఆదివారం పొద్దున ఆ గుట్ట అవతలి భాగాన్ని మళ్లీ డబ్బులు పెట్టి కొని దించుకున్నాను. గుర్రాన్ని కనుమ దాటించాను. అవతల అంతా మంచు. తెల్లటి మంచు, విరిగిన చెట్లు, గడ్డిపోచ లేదు. వాగు కూడా గడ్డకట్టి ఉంది. పక్కన మంచం ఖాళీగా ఉంది. సతాయించే మనిషి లేక ఆట చప్పగా ఉంది. ఆ దసరా ముందటి నెలలు ఒక్కసారి మళ్లీ రావాలనిపించింది.

బాపుకు ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తాడు. ఆయాసపడుతున్నాడు, వెనక గొర్రెల అరుపులు.

"బాపూ, గుట్ట దాటిన. గప్పుడు మనం పోలేదు సూడు, గా ఆటల గుట్ట."

"అవునా! నీళ్లున్నయా? మ్యాతున్నదా?"

"ఏం లేదు బాపూ. అంత మంచే."

"గట్లనా? మందను తోలకపోవుడే మంచిగైంది." నవ్వాడు. నవ్వుతుంటే ఆయాసం ఎక్కువైంది.

"నువ్వేడున్నవ్? గంత దమ్మొస్తాంది."

"గుట్ట మీదున్న బిడ్డా. చిన్నాయనోళ్లు మందతోని కిందున్నరు. నేను జాగా సూద్దామని ముందలొచ్చిన."

నా చేతిలో రిమోటు పక్కన పెట్టేశాను.

"అవతల ఏమున్నది బాపూ?" అని అడిగాను.

ఫోన్‌లో గాలి చప్పుడు. కట్టె రాయికి తగిలిన చప్పుడు. బాపు చెప్పాడు.

"నీళ్లున్నయ్. మ్యాతున్నది."