హారన్ ఫ్యూజు

ఆదివారం పొద్దున నాకు కాలు నిలవదు. కారు తలుపు తీసి, స్టీరింగ్ కింద మోకాలికి తగిలే మూత ఊడదీసి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి వెలుతురుకి పట్టి చూస్తాను. లోపలి సన్నటి తీగ తెగిందా, కాళ్ళకి పచ్చటి చిలుం పట్టిందా అని. ఈ ఉప్పుగాలికి రాగి ఎన్నాళ్ళు నిలుస్తుంది? మా ఆవిడ కాఫీ గ్లాసు తెచ్చిచ్చి, కారుకి పేలు చూస్తున్నారా అని వేళాకోళం చేస్తుంది. చెయ్యనీ. నా భయం నాది. ఎనిమిదేళ్ళ మా పాపకి ఉబ్బసం. ఆయాసం ఎప్పుడొస్తుందో తెలీదు గనక, కారు సాకెట్లో గుచ్చి నడిపే నెబ్యులైజర్, మందు ఆవిరి పట్టే మిషన్ ఒకటి వెనకసీట్లో ఎప్పుడూ ఉంటుంది. ఆ సాకెట్ పనిచెయ్యాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఆ ఆదివారం కొండకవతల సముద్రం ఒడ్డునున్న యారాడలో మా బావ వాళ్ళ చుట్టాలింటికి భోజనానికి వెళ్ళాం. బావంటే మా అక్క మొగుడు, ఫిషింగ్ హార్బర్లో బోటు డ్రైవరు. ఎంత మంచివాడో అంత తొందర మనిషి. బయల్దేరే ముందు ఫ్యూజులు చూశాను, బాగానే ఉన్నాయి. స్పేర్లు పెట్టే గళ్ళు మాత్రం ఖాళీ. అంతకు ముందు వారం తెల్లారకుండానే బావ వచ్చి, బోటు లైట్లకి కావాలని ఉన్నవన్నీ పట్టుకుపోయాడు. వేటకి బయల్దేరే బోటుకి ఏది అడిగినా లేదనడం హార్బర్ వాళ్ళలో పెద్ద తప్పు. అక్కనిచ్చిన ఇల్లు కదా, ఆ పద్ధతి నాకూ అంటుకుంది. కొత్తవి కొనాలి, కొనాలి అనుకుంటూనే యారాడ కొండెక్కేశాను.

భోజనాలయ్యాక, సాయంత్రం పెరట్లో ఎవరో కట్టెలపొయ్యి మీద చేపలు వేయిస్తుంటే పాప పక్కనే కూర్చుని చూసిందట. ఆ పొగ చాలు. నేను వెళ్ళేసరికి భుజాలు ఎగరేసి గాలి పీలుస్తోంది. ఇన్హేలర్ కొట్టాం, తగ్గలేదు. ఎత్తుకొచ్చి వెనకసీట్లో కూర్చోబెట్టాను. మా ఆవిడ మాస్కు పెట్టింది, నేను ప్లగ్గు గుచ్చాను. మిషన్ పలకలేదు. తీసి మళ్ళీ గుచ్చాను. ఊహూ. అప్పుడు బావ మెల్లిగా నసిగాడు. భోజనానికి ముందు, టైర్లో గాలి తక్కువగా ఉందని పంపు తెచ్చి ఆ సాకెట్‌కే తగిలించాడట. అది గుర్రుమని ఆగిపోయిందట. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ తిట్టే తీరిక లేదు.

మూత ఊడదీశాను. పదిహేను ఆంపియర్ల నీలం ఫ్యూజు, తీగ తెగి నల్లగా మాడిపోయి ఉంది. బావ అప్పటికే ఎక్కడో వైరు ముక్క సంపాదించి, పళ్ళతో తోలు వలిచి రాగి పోగు లాగుతున్నాడు.

"ఇది సుట్టీసి పెట్టీ బావా. బోట్లో మేం సేసీదదే. సంద్రం మీద ఫ్యూజులమ్మీ సాపులుంతాయేటి?"

బోటు సంగతి నాకు తెలీదు. కార్లో మళ్ళీ ఏదైనా తేడా వస్తే ఆ పోగు తెగదు, డాష్‌బోర్డు వెనక వైర్లు కాలతాయి. పొగకే ఊపిరాడని పిల్లని అలాంటి కార్లోనా కూర్చోబెట్టేది? కుదరదన్నాను. ఏదో ఒకటి చెయ్యండి, పెదాల రంగు మారిపోతోందని మా ఆవిడ ఏడుపు గొంతుతో అంది. నా వేళ్ళు ఫ్యూజుల మీద ఊరికే పరిగెడుతున్నాయి. ఏసీ, వైపరు, లైట్లు, హారను. హారన్‌కి ఉన్నదీ నీలమే, అదే పదిహేను. పీకి సాకెట్ గడిలో నొక్కాను. మిషన్ బర్రుమంది, మాస్కులోంచి తెల్లటి ఆవిరి లేచింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంక ఆస్పత్రికి పోవాలి, మధ్యలో కొండ. ఆ ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ హారన్ కొట్టకపోతే ఎదుటివాడు వచ్చి మీద పడతాడు. ఆదివారం సాయంత్రం బీచికొచ్చిపోయే బళ్ళతో మరీను. హారన్ లేదని చెప్పాను. బావ ముందుసీట్లో కూర్చుని, కిటికీలోంచి నడుం దాకా బయటికి వాలాడు.

"నువ్ తోలు బావా. అరవడానికి నానున్నాను."

మొదటి మలుపులో "హోయ్" అని ఒక్క కేక వేశాడు. ఇంజిన్ హోరులో పక్క బోటుకి వినబడేలా అరిచి అరిచి కాటుదేలిన గొంతు అది. ఎదురొస్తున్న ఆటో గోడవారకి ఒదిగి ఆగిపోయింది. బైకుల మీద వాళ్ళు నవ్వారు. నవ్వనీ. నేను సెకండ్ గేరు దాటలేదు. కళ్ళేమో అద్దంలో పాప మీదే, రోడ్డు చూడమని మా ఆవిడ కసురుతోంది. ఛాతీ ఇంకా ఎగిరెగిరి పడుతోంది. మందు ఎక్కుతోందా, లేదా? తగ్గిందా అమ్మా అంటే పాప తల కూడా ఊపలేదు. మాట్లాడే ఊపిరి లేదు. ఇటు బావ గొంతు మలుపు మలుపుకీ జీరబోతోంది.

కొండ దిగుతుండగా మిషన్లో మందు అయిపోయింది. మా ఆవిడ మాస్కు తీసింది. అద్దంలో చూడ్డానికి నాకు భయం. కింద ఆఖరి మలుపు వచ్చింది. బావ నోరు తెరిచాడు, గొంతు పెగల్లేదు, దగ్గు తెరలో ఇరుక్కుపోయాడు. నేను బ్రేకు తొక్కబోయాను.

"హోయ్" అని వినిపించింది, వెనకసీట్లోంచి.

బావ దగ్గు ఆపుకుని వెనక్కి తిరిగాడు. పాప అద్దం కిందికి దించి, తల బయటపెట్టి, ఇంకోసారి, ఇంకా గట్టిగా అరిచింది.