కుట్టులేని స్వెట్టరుకు చీట్లు వేసిన రోజు

నిన్నటి ఊపిరికి ఈనాటి ఊపిరిని ముడివేసి నన్ను ఇంకా నిలబెడుతున్న తండ్రికి స్తోత్రం. గొర్రెకు ఉన్నినీ, మనిషికి వేళ్ళనూ, నోరెత్తని విధవరాలికి సరైన వేళకు సరైన మాటనూ ఇచ్చేవాడు ఆయనే. ఆయన నామానికి మహిమ కలుగును గాక.

మొన్న మా మనవరాలు పుట్టబోయే బిడ్డకు స్వెట్టరు అల్లుతూ నా పక్కన కూర్చుంది. ఫోనులో చూస్తూ నేర్చుకుంటోంది. చేతిలో ఉన్నది గాజు అంత చిన్న వలయం. ఏమిటే అంటే, "మెడ అమ్మమ్మా. మెడ నుంచి కిందికి అల్లుకుంట పోవాలె, ఎక్కడా కుట్టు ఉండది. కొత్త పద్ధతి" అంది. చాయ్ కింద పెట్టి ఆ వలయాన్ని వేళ్ళతో తడిమాను. ఆ కొత్త పద్ధతిని నేను ఎనభై ఏళ్ళ కిందట, పరికిణీ కట్టుకునే వయసులో, ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు మీద చూశాను. దాని వల్ల రెండు క్రైస్తవ సంఘాల వేలం మధ్యలో ఆగిపోవడమూ చూశాను.

మా మేనత్త విధవరాలు, కామారెడ్డిలో మిషను దవాఖానాలో ఆయాగా ఉండేది. అక్కడి దొరసాని దగ్గర అల్లిక నేర్చుకుంది. మా నాన్న, మేం పిలిచే బాపు, సువార్త పనివాడు; తెల్లవారకముందే లేచి మంచులో పోచారం వైపు పల్లెలకు నడిచేవాడు. ముందటి చలికాలం దగ్గి దగ్గి మంచం పట్టాడు. ఛాతికి మళ్ళీ చలి తగిలితే లేవడని దవాఖానాలో అత్తకు చెప్పారట. ఆ మాట కడుపులో పెట్టుకుని, సెలవు తీసుకుని, తమ్ముడికి స్వెట్టరు అల్లడానికి మా ఇంటికి వచ్చింది. అప్పటి ప్రపంచ యుద్ధం మూలంగా విలాయితీ ఊలు దొరకడం లేదు. అందుకని గొంగళ్ళు నేసే కురుమ ఇంటి నుంచి వడికిన ఉన్ని తెచ్చింది. గొర్రె వాసన పోలేదు. వాన పడిన రోజు ఇల్లంతా మంద పడుకున్నట్టు ఉండేది. వెదురుపుల్లలను నున్నగా గీకి సూదులు చేసుకుంది. ఛాతి మీది నుంచి జడల్లా మెలితిరిగిన మూడు అల్లికలు పక్కపక్కన కిందికి దిగేవి. జడ మెలి తిప్పాల్సిన చోట కొన్ని ఉన్ని ఉచ్చులను ఒక వేపపుల్లకు ఎక్కించి ముందుకు వదిలేది, వెనకవి అల్లి మళ్ళీ వాటిని కలుపుకునేది. జడకూ జడకూ మధ్య కావాలనే బొక్కలు వదిలి పూల అల్లిక పెట్టేది. మా అమ్మకు, అంటే మా అవ్వకు, ఆ బొక్కలు నచ్చలేదు.

"వదినె, చలి ఆపేటందుకు అల్లుతున్నవా, చలికి తొవ్వ పెడుతున్నవా?"

"నువ్వు నీ రొట్టె మాడకుంట చూస్కో పిల్లా" అనేది అత్త.

పైనుంచి అల్లేదానికి ఒక సుఖం ఉంది, మధ్యలో తొడిగి చూడవచ్చు. "తమ్మీ, ఇటు రా" అని పిలిచి, సూదులతో సహా బాపు తలకు తొడిగేది. చేతులు పైకెత్తి, మెడచుట్టూ పుల్లలు వేలాడుతుంటే బాపు ముళ్ళపందిలా నిలబడేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఒకసారి అలాగే నిలబడి, "ప్రభువు అంగీ గూడ గిట్లనే కదా అక్కా. కుట్టు లేకుంట, పైకెల్లి కిందికి" అన్నాడు. అత్త ముఖం వెలిగింది. బాపు ముఖం మాత్రం చిన్నబోయింది. అది ఎందుకో కోతల పండుగ నాడు తెలిసింది.

ఆ ఏడు రెండు ఊళ్ళ సంఘాలూ కలిసి కామారెడ్డిలో పండుగ చేశాయి. ఎడ్లు కట్టిన కచ్చురాల్లో పోయాం. చర్చి ముందు కానుకలుగా వచ్చిన గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్ళు. వాటి మధ్య బల్ల మీద అత్త అల్లిన స్వెట్టరు. ప్రభువు అంగీలాంటిది తొడుక్కోవడానికి తాను పాత్రుడు కాడనుకుని, మా బాపు ఎవరితో చెప్పకుండా దాన్ని కానుక ఇచ్చేశాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

కానుకల వేలం మొదలైంది. స్వెట్టరు వంతు వచ్చింది. మా ఎల్లారెడ్డి సంఘం పెద్ద, "ఇచ్చినోడు మావోడు, మాకే రావాలె" అన్నాడు. కామారెడ్డి పెద్ద, "అల్లిన చెయ్యి మాది, గది మర్చిపోకు" అన్నాడు. మాట మాట పెరిగింది. గొడవ ఎందుకని పాదిరి అయ్యగారు చీట్లు వేద్దామన్నారు. అందరూ సరే అన్నారు. ఇద్దరి పేర్లు చెంబులో పడ్డాయి. అయ్యగారు కళ్ళు మూసుకుని చెంబులో చెయ్యి పెట్టారు.

గుడిలో ఏనాడూ పెదవి కదపని మా అత్త లేచింది. "అయ్యగారూ, గా దినం సిలువ కింద గూడ గిట్లనే వేసిండ్రు" అంది.

అయ్యగారి చెయ్యి చెంబులోనే ఉండిపోయింది. సిలువ కింద సైనికులు ప్రభువు కుట్టులేని అంగీని చింపకుండా దాని కోసం చీట్లు వేసుకున్నారని వాక్యంలో చదివిన వాళ్ళం నూరు మందిమి, ఒక్కరికీ తట్టలేదు. కోడి ఒకటి కూసింది, ప్రభువును ఎరుగనన్న శిష్యుడు విన్న కూత గుర్తొచ్చి ఇంకా హడలిపోయాం.

"ఏందమ్మా, మేమేమన్న సైనికులమా?" అన్నాడు కామారెడ్డి పెద్ద.

"కాదన్నా. వాళ్ళకు తెల్వక చేసిండ్రు. మనకు తెలుసు."

అయ్యగారు స్వెట్టరు తెచ్చి ఆమెకిచ్చి, "నువ్వే చెప్పమ్మా, ఎవలకిద్దాం?" అన్నారు. అత్త దాన్ని తిరగేసి, కింది అంచు ముడిని పంటితో కొరికి, పోగు పట్టి లాగింది. వరుస వెంట వరుస విడిపోసాగింది. కిందివైపు పూలు పోయాయి, జడలు విడిపోయాయి. బాపు "అక్కా" అని ఆగిపోయాడు.

"చింపుత లేను తమ్మీ, విప్పుతున్న" అంది. పైనుంచి అల్లినది కింది నుంచే విడుతుంది. ఎక్కడ ఆపితే అక్కడ అంచు కట్టుకోవచ్చు. ఛాతి భాగాన్ని వదిలి, దాని కింది దాకా విప్పి ఆపింది. విప్పిన ఉన్నిని ఉండ చుట్టి బల్ల మీద పెట్టింది. "దేవునికి ఇచ్చిన దాంట్ల గిది రెండూర్ల ముసలోళ్ళ చెవులకు. టోపీలు నేనే అల్లి ఇస్త. గీ ఛాతి నా తమ్మునిది. గిది గూడ దేవుని పనే చేస్తది."

బాపు ఆ కురచ స్వెట్టరు తొడుక్కునే తిరిగాడు. "మిగిలింది ఎలుకలు తిన్నయా అయ్యా?" అని పల్లెల్లో నవ్వేవాళ్ళు. బాపు కూడా నవ్వేవాడు, దగ్గకుండా. ఆ చలికాలం గడిచింది. ఆ తరవాత ఎన్నో గడిచాయి.

ఇప్పుడు పొద్దున ఏం తిన్నానో నాకు గుర్తుండదు. నిన్న వచ్చిన మనిషి ముఖం జారిపోతుంది. ఆ చెంబూ, ఆ వెదురుపుల్లల చప్పుడూ, మా అత్త గొంతూ మాత్రం చెక్కుచెదరలేదు. చదువుతున్న మీరు నాతో కలిసి ఒక్క క్షణం ప్రార్థించండి: తండ్రీ, విప్పేది నీ చెయ్యే గనుక భయం లేదు; కాలం కింది నుంచి ఒక్కొక్క వరుసే లాగుకుంటూ వస్తోంది, నువ్వు మొదట వేసిన మెడ దగ్గరి వరుసలను చివరిదాకా నాకు ఉండనియ్యి.