దారం ఎక్కితేనే బండెక్కాలి

మా మావయ్యకి ఒకటే పిచ్చి. బండి తాళం చేతిలో ఉన్న మనిషి కనిపిస్తే చాలు, కాలరులోంచి సూదీ, చొక్కా గుండీకి చుట్టుకున్న దారమూ తీసి, "ముందు ఇది ఎక్కించు, తర్వాత బండెక్కు" అంటాడు. పెళ్లికొడుకుని కారు దగ్గర నిలబెట్టి, దారం ఎక్కించేదాకా వదల్లేదు. అంబులెన్సు డ్రైవరుని ఆపితే, లోపలి రోగి లేచొచ్చి, "ఇలా ఇవ్వండి, నేనెక్కిస్తా" అన్నాడట.

మావయ్య మా బడి బస్సు డ్రైవరు. నేను అక్కడే ఎనిమిదో తరగతి టీచర్ని. నన్ను బతిమాలి ఓ పీరియడు తీసుకుని మా పిల్లలకి పాఠం చెప్పాడు. ఒకడు దారం ఎక్కిస్తుంటే పక్కన ఫోను మోగించాడు. వాడి చూపు అటు తిరిగింది, దారం ఇటు తప్పింది.

"ఆ తప్పిన చోట ఓ మనిషి రోడ్డు దాటుతుంటే?"

తరగతి నవ్వడం మానేసింది. అందరికీ తలో సూదీ, దారమూ పంచాడు.

ఆటల పోటీలు ముగిసిన సాయంత్రం. గేటు లోపల ఓ తండ్రి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నా క్లాసు అమ్మాయి ఎక్కడం లేదు. మందు వాసన నా దాకా వచ్చింది. పరుగెత్తబోతే మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. బస్సుని అప్పటికే గేటుకి అడ్డంగా పెట్టేశాడు.

"ఎక్కవే, ఆలస్యమవుతోంది."

"ముందు దారం ఎక్కించు నాన్నా."

"ఏంటే ఈ గోల?"

"బస్సు తాతయ్య రూలు. నువ్వు ఎక్కించకపోతే నన్ను కారెక్కొద్దన్నాడు."

ఆయన నవ్వి సూది అందుకున్నాడు. దారం తప్పింది. నోట తడిచేసి మళ్లీ గురిపెట్టాడు. మళ్లీ తప్పింది. నవ్వు ముఖం మీంచి సాయంత్రపు ఎండలా మెల్లగా దిగిపోయింది. తాళం పట్టుకున్న పిడికిలి బిగిసింది. అమ్మాయి ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"ఆ ముసలాడికేమన్నా పిచ్చా?" అని అరిచాడు.

"అవును నాన్నా! పూర్తి పిచ్చి!"

కూతురు అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆయన కోపానికి నిలబడే చోటు లేకపోయింది. "అయితే ఆ పిచ్చాడినే దింపమను మనల్ని!" అని తాళం ఆమె చేతిలో పడేసి, విసవిసా బస్సెక్కి కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అంత మాటంటే ఊరుకున్నావేం మావయ్యా?"

"ఆ మాట పిల్లలకి నేర్పింది నేనే కదమ్మా. 'నువ్వు తాగావు నాన్నా' అని పాపం ఏ పిల్ల అనగలదు? 'ఆ తాత పిచ్చోడు' అనమంటే ఎవరైనా హాయిగా అంటారు."

బస్సులోంచి కేక వినిపించింది. "ఏమయ్యా పిచ్చాడా, కదుల్తావా లేదా?"

"వస్తున్నా బాబూ!" అన్నాడు మావయ్య. చొక్కా సర్దుకుని, బిరుదు అందుకోబోతున్నవాడిలా బస్సెక్కాడు.