పాము దూరని కారు

మా అక్కకు ఆ కారంటే మొదటి రోజు నుంచే భయం. నాకేమో పాత కార్లంటే పిచ్చి. ఈ రెండూ ఒకే కప్పు కింద ఉంటే ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

మాది ధర్మవరం. నాకొక చిన్న పట్టుచీరల అంగడి ఉంది. బావ పోయినప్పటి నుంచి అక్క మాతోనే ఉంటోంది. ముందు గదిలో మగ్గం ఆమెది. అంగడిలో పది చీరలు పరిచి కళ్లకు గంతలు కట్టినా, అక్క నేసినదేదో చేత్తో తడిమి చెప్పగలను. ఆమె నేతంటే నాకెంత గర్వమో, ఆమె నోరంటే అంత హడలు. నాకు పెళ్లయి పిల్లలు పుట్టినా, వీధిలో నలుగురి ముందు 'రేయ్' అనే పిలుస్తుంది.

విడపనకల్లు అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఒక పల్లెలో, ఒక పెద్దాయన చెనక్కాయల గోదాములో నల్ల అంబాసిడర్ పడి ఉందని తెలిసింది. పోయి చూశాను. నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయాయి. పైన మందంగా ఎర్రమట్టి. వేలితో గీస్తే కింద నలుపు మిలమిలా మెరిసింది. అంతే, నా పని అయిపోయింది.

"మా నాయన కొన్న బండప్పా. అమ్మాలని లేదు. ఎలకల పాలైతాండాది. నువ్వన్నా బాగా చూసుకుంటానంటే తీసకపో" అన్నాడు పెద్దాయన. "ఒగటే మాట. అది మల్లా నడిచిన్నాడు ఒగసారి ఈడికి తెచ్చి నాకు చూపించల్ల."

మాటిచ్చి, లారీ మీద వేసుకొని ఇంటికి తెచ్చాను. అక్క గుమ్మడికాయ దిష్టి తీసింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, మొహం మాత్రం ముడుచుకొనే ఉంది. మరునాడు నేను వెనక సీటు ఊడదీశాను. స్ప్రింగుల మధ్య నుంచి ఏదో తెల్లగా, పలచగా, నా చెయ్యంత పొడవున జారి బయటపడింది. పాము కుబుసం. పక్కనే నిలబడిన అక్క వేసిన కేక నాలుగిళ్ల అవతలికి వినిపించింది.

"రేయ్, పాముండాదిరా దీంట్లో!"

"పామెప్పుడో పోయింటాది అక్కా. ఉత్త కుబుసమిది."

"పోయింటాదని నీకెవరు చెప్పినారు? నీకేమన్నా చెప్పి పోయిందా?"

నిజం చెప్పాలంటే నాకూ భయం పట్టుకుంది. కారు కొన్నవాణ్ని కాబట్టి పైకి అనలేకపోయాను. ఆ తర్వాత డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు స్క్రూడ్రైవర్‌తో రేకు మీద టకటకా కొట్టి, ఏమీ కదలలేదని తేలాకే చెయ్యి పెట్టేవాణ్ని. అక్క రోజూ వెల్లుల్లి దంచి కారు చుట్టూ చల్లేది. కారు పెట్టిన రేకుల షెడ్డు ఆమె గది కిటికీ పక్కనే. రాత్రిళ్లు ఆమెకు సరిగా నిద్ర లేదని మా ఆవిడ చెబితే తెలిసింది.

"నువ్వు దానికి యా రంగన్నా ఏస్కో, యా సీటన్నా కుట్టించుకో. పాము దూరేంత సందు ఒగటి కూడా మిగలకూడదు. మిగిలిందా, నేనీ ఇంట్లో ఉండను" అని తేల్చేసింది.

అందుకే సందులన్నీ పూడ్చాను. తుప్పు పట్టిన అడుగు కోసేసి కొత్త రేకు అతికించి, మీద తారు పూయించాను. వైర్లు పోయే రంధ్రాలకు రబ్బరు బిళ్లలు, తలుపులకు లావు బీడింగు. పాము సాకుతో దుమ్ముకు కూడా తలుపులు మూసినట్టయింది. మా వైపు ఆషాఢంలో గాలి లేచిందంటే కళ్లు తెరవనివ్వదు. అన్నంలో మన్ను, మంచంలో మన్ను. మగ్గం మీద లేత రంగు చీర ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ముందు గది కిటికీ తీయడమనేదే ఉండదు. ఉక్కపోసినా, చెమట కారినా సరే, పట్టు మీద మన్ను పడకూడదు. ఆ అలవాట్లో పెరిగినవాణ్ని కదా, కారుకూ అదే చేశాను. చివరికి కారు మీద టార్పాలిన్ కప్పి, లోపల బల్బు వెలిగించి, కింద పడుకొని వెతికాను. వెలుతురు ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. అక్కను పిలిచి చూపించాను. ఆమె కూడా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని వంగి వంగి చూసి, "ఊ, ఇప్పుడు బాగుండాది" అంది.

సైలెన్సర్ దగ్గర వెల్డింగ్ షాపతను మొత్తుకున్నాడు. "కొత్తది ఏసేద్దామన్నా, ఇది జల్లెడైపోయింది" అన్నాడు. నాకు కోపమొచ్చింది. పాత కార్ల పిచ్చోళ్లకు ఒక జబ్బుంది, ప్రతి ముక్కా బండితో పుట్టిందే ఉండాలంటాం. అతుకులేసి పాతదే బిగించమన్నాను. నా భయమంతా బ్రేకుల మీదే. బ్రేకుల్లో ప్రతి రబ్బరూ మార్పించి, ఊరి బయట ఏటవాలులో పోయి పోయి తొక్కి చూశాను. భయపడాల్సిన వాటికన్నిటికీ భయపడ్డాననే అనుకున్నాను.

కారు నడిచిందని ఫోను చేస్తే పెద్దాయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. శ్రావణంలో మనవరాలి పెళ్లి, పెళ్లిచీర మీ అక్కతోనే నేయించు, ఆ కార్లోనే తీసుకొని రండి, బండినీ చూసినట్టుంటుంది అన్నాడు. అక్క ఎర్రంచు గంధం రంగు చీర నేసింది. నెలకు పైనే పట్టింది. ఆషాఢం చివర్లో ఒక పొద్దున బయల్దేరాం. సీటు కింద కర్రతో గెలికి గెలికి చూసుకొనిగాని అక్క ఎక్కలేదు. తెల్లగుడ్డలో చుట్టిన చీరను ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చుంది.

బయట ఒకటే గాలి. అద్దాలన్నీ పైకెత్తేశాం. నా పక్క ముందుండే మూడు మూలల చిన్న అద్దం మాత్రం, మొహానికి కాస్త గాలి తగలాలని, వేలెడంత తెరుచుకున్నాను. లోపల మన్ను రేణువు కూడా లేదు. ఇంజను చప్పుడు ఎక్కడా తడబడటంలేదు. ఎదురొచ్చే బస్సు డ్రైవర్లు చెయ్యెత్తి సలాములు కొడుతున్నారు. నాకంటే రాజెవడు?

అనంతపురం దాటాక అక్క అంది, "తలకాయ నొస్తాండాదిరా."

"అద్దం దించు అక్కా, పెట్రోలు వాసనకేమో."

"వద్దొద్దు. చీర మీద మన్ను పడతాది."

"అట్లయితే కాసేపు పండుకో. ఊరొచ్చినాక లేపుతాలే."

నాకూ తల కొంచెం బరువుగానే ఉంది. పొద్దున సరిగా తినలేదు కదా అనుకున్నాను. ఉరవకొండ దాటాక గాలిమరలు కనిపించాయి. అక్కా చూడు అంటూ తలపైనున్న అద్దంలోంచి వెనక్కి చూశాను. తల కిటికీకి ఆనించి, కళ్లు సగం మూసి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పాము పామని ప్రాణం తీసిన మనిషి ఇంత హాయిగా నిద్రపోతోందంటే నా కారుకు అంతకన్నా ఏం కావాలి! సంతోషంతో నవ్వుకుంటూ ఏదో పాట కూనిరాగం కూడా తీశాను.

ఒక టీ అంగడి దగ్గర ఆపాను. పాత బండి, వేడి మీద ఆపితే మళ్లీ స్టార్టు అవుతుందో లేదోనని ఇంజను ఆపలేదు. దిగి, వెనక తలుపు కొంచెం తెరిచి, "అక్కా, టీ తాగుదాం దిగు" అన్నాను. పలకలేదు. అప్పుడు చూశాను. చీర కింద పడిపోయి ఉంది. గుడ్డ విడిపోయి, గంధం రంగు పట్టు ఆమె చెప్పుల మీద పడి ఉంది.

అక్క చేతిలోంచి చీర కింద పడటం నేను పుట్టి ఎరగను.

మనసుకు తట్టింది ఒకటే, పాము. కరిచేసింది! కారెక్కి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చొని, పాదాలు చూశాను, పిక్కలు చూశాను, చేతులు తిప్పి తిప్పి చూశాను. గాట్లు లేవు. అది ఇంకా లోపలే ఉంటుందని, బయటికొచ్చి ఎవరినైనా కరుస్తుందని, తలుపు మూసుకొని మరీ సీటు కింద వెతికాను. ఇంజను నడుస్తూనే ఉంది. నా తల గిర్రున తిరుగుతోంది, భయానికనుకున్నాను. "అక్కా, అక్కా" అని అరుస్తూ ఆ ఇరుకులో లేని పాము కోసం పాకుతున్నాను. అట్లా ఎంతసేపు పోగొట్టానో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకోవాలంటే ధైర్యం చాలదు.

టీ అంగడి ఆమె పరుగెత్తుకొచ్చి తలుపు లాగింది. "ఏమప్పా, మనిషిని లోపలే పెట్టుకొని ఏం చేస్తాండావు? ముందు బయటికి దించు, గాలన్నా తగలనీ!"

ఇద్దరం మోసి రోడ్డు పక్కన మన్నులో పడుకోబెట్టాం. నేను జీవితమంతా తిట్టుకున్న ఆ గాలి అక్క మొహం మీద, జుట్టులో, నోట్లో మన్ను కొడుతోంది. నేను అక్క కొంగుతోనే మొహం కప్పబోతే టీ అంగడామె నా చెయ్యి తోసేసింది. నూట ఎనిమిదికి ఫోను చేసింది కూడా ఆమే. అక్క ఒకసారి కక్కుకుంది. కళ్లు మాత్రం తెరవలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాము సంగతి వినీ వినకుండానే, "కారు అద్దాలు మూసుకొని వచ్చినారా?" అని అడిగింది. సైలెన్సర్ అతుకు విడిపోయి పొగ నేను ముట్టుకోని డిక్కీలోకి, అక్కడి నుంచి బల్బు వెలుగుకు చిక్కని వెనక సీటు సందులోంచి లోపలికి చేరుతోందని తర్వాత తేలింది. ఆ పొగలో ప్రాణం తీసేదానికి రంగు లేదు, వాసన లేదు. నల్లపొగ అయితే కనిపించేది. మామూలు బండ్లలో సందులుంటాయి కాబట్టి కొంతైనా బయటికి పోతుంది. నా పక్క వేలెడంత తెరిచిన ఆ చిన్న అద్దం తప్ప మా బండిలో అట్లాంటి దారి ఒక్కటీ లేదు; నన్ను పడిపోకుండా కాపాడింది అదే. నేను నిద్ర అనుకున్నది నిద్ర కాదు, బుగ్గల ఎరుపు ఆరోగ్యం కాదు.

"బతుకుతాదా?" అని అడిగాను.

"చూద్దాం. బతికినా తెలివి ఎట్లుంటాదో ఇప్పుడే చెప్పలేను" అంది.

అక్క మూతికి ఆక్సిజన్ మాస్కు కట్టారు. మంచం పట్టె పట్టుకొని నిలబడ్డాను. ఆమెకు ఇంటి తోవ గుర్తుంటుందా, మగ్గం గుర్తుంటుందా, నన్ను 'రేయ్' అంటుందా అని ఒకటే గుబులు. కళ్లు తెరిచాక ఆమె నా వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో నేనెవరో తెలిసిన జాడ లేదు. అంతటి భయం నేను ఎప్పుడూ పడలేదు, ఇకముందు పడతానని కూడా అనుకోను.

మెల్లగా తేరుకుంది. ముందు మా ఆవిడను గుర్తుపట్టింది, తర్వాత నన్ను. మొదట్లో చేయి వణికేది, పోగు అందుకోలేక ఏడ్చేది. నేను అంగడికి పోవడం మానేసి గుమ్మంలో కూర్చొని చూసేవాణ్ని. వేరే చీరతో మనవరాలి పెళ్లి జరిపించిన పెద్దాయన, ఆమెను చూడటానికి ఇంటికొచ్చి, షెడ్డు వైపు చూడకుండానే తిరిగిపోయాడు. నెలలు గడిచాక ఆమె చెయ్యి కుదుటపడింది. చలి తగ్గే రోజుల్లో మగ్గం చప్పుడు మళ్లీ మునుపటిలా వినిపించింది.

కారు అమ్మేయమంది మా ఆవిడ. ఎవరికని అమ్మను? కొత్త సైలెన్సర్ వేయించాను, డిక్కీకి సీటుకు మధ్య రేకు గోడ కట్టించాను. వెల్డింగ్ షాపతను రెండుసార్లు పరీక్షించి చూపించాడు. అయినా వారానికోసారి నాలుగు తలుపులూ బార్లా తెరిచి, స్టార్టు చేసి, నేను దూరంగా నిలబడేవాణ్ని. మనుషుల్ని ఎక్కించుకునే ధైర్యం మాత్రం రాలేదు.

మొన్న అక్క షెడ్డులోకి వచ్చింది. "బండి తియ్యి, పోయొద్దాం" అంది. వద్దన్నాను. వినలేదు. ముందు సీట్లో కూర్చొని తన పక్క అద్దం పూర్తిగా దించేసింది. ఊరు దాటాం.

"ఆ పొద్దు నేను నిద్ర పోలేదురా" అంది ఉన్నట్టుండి. "అంతా ఇనపడతాండె. నువ్వు పాట పాడతాంటివి. రేయ్, రేయ్ అని నిన్ను పిలుస్తానే ఉంటి. నోట్లోనుంచి రాలే. చెయ్యెత్తుదామంటే లెయ్యలే. ఈడు ఎనక్కి తిరిగి చూస్తే బాగుండు, చూస్తే బాగుండు అనుకుంటాంటి. నువ్వు చూసినావు. చూసి నవ్వినావు."

నాకు రోడ్డు కనబడలేదు. ఆపబోయాను.

"ఆపద్దు. పోనీ. ఇప్పుడు నేను మాట్లాడతానే ఉంటా. నా మాట నిలిస్తే బండి నిలుపు" అంది.

మాట్లాడింది. పక్కింటామె పనికిరాని కోడి గురించి, జరీ ధర గురించి, మా ఆవిడ వేసే ఉప్పు గురించి. నేను ఊ కొడుతూ ప్రతి మాటా వింటున్నాను. గేదెల గుంపు దాటాక, ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది.

నా కాలు బ్రేకు మీదికి పోయింది. కారు నడిరోడ్డు మీద నిలబడింది. వెనక లారీవాడు హారను కొట్టి తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. తిరిగి చూశాను. అక్క కళ్లు తెరుచుకొని, కదలకుండా, నన్నే చూస్తోంది.

"ఇంటాండావులే" అంది. "ఇంక పోనీ."